సబ్జెక్ట్ అంటే కర్తేనా? మన బడుల్లోకి ఇంగ్లీష్ వాక్యం వచ్చిన చరిత్ర



పోస్టు పొడుగుంది, ఓపికతో చదవండి. ముఖ్యంగా ఈ ఏడు డిగ్రీ ఫస్టియర్‌లో చేరిన తమ్ముళ్లు, చెల్లెళ్లు చివరి దాకా చదవాలి.

మేము కరీంనగర్‌లో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నం. మాలో గోండులున్నరు, కోలాములున్నరు, నాయకపోళ్లున్నరు, లంబాడోళ్లున్నరు. చాలామందిమి మా ఇండ్లల్ల కాలేజీ గడప తొక్కిన మొదటోళ్లం. ప్రతి ఏడు కొత్త పిల్లలు వస్తరు. తెలుగు మీడియంల చదివి వస్తరు, అందులో సగం మందికి తెలుగే బడిల నేర్చుకున్న భాష. ఇంగ్లీష్ పుస్తకం తెరవంగనే మొదటి పాఠంలనే ఒక ప్రశ్న ఉంటది: ఈ కింది వాక్యాలలో సబ్జెక్టును, ప్రెడికేటును గుర్తించుము. చాలామంది ఆడనే ఆగిపోతరు. "అన్నా, ఇంగ్లీష్ మన బుర్రకు ఎక్కదు" అని పుస్తకం మూసేస్తరు. ఆ పేపర్ బ్యాక్‌లాగ్ అయితది, తర్వాత ఇంకోటి, ఆఖరుకు పిల్లగాడు ఊరికి పోయి పత్తి చేన్ల కనబడతడు.

బుర్రకు ఎక్కకపోవడం కాదు, ఆ రెండు మాటలు మన దాకా వచ్చిన దారి వంకర దారి. ఆ దారి తెలిస్తే భయం పోతది. అందుకే ఈ చరిత్ర రాస్తున్నం.

ఆ రెండు మాటలు ఎక్కడివి?

సబ్జెక్ట్, ప్రెడికేట్ అనేవి అసలు వ్యాకరణం మాటలే కావు, తర్కశాస్త్రం మాటలు. క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలో గ్రీసు దేశంలో అరిస్టాటిల్ ఒక మాట నిజమా అబద్ధమా ఎట్ల తేల్చాలి అని ఆలోచించాడు. దానికి మాటను రెండు ముక్కలు చేశాడు. ఒకటి, దేని గురించి మాట్లాడుతున్నమో అది. రెండోది, దాని గురించి ఏం అంటున్నమో అది. "సోక్రటీస్ మనిషి" అంటే సోక్రటీస్ మొదటి ముక్క, మనిషి అనేది రెండో ముక్క. మొదటి ముక్కకు ఆయన వాడిన గ్రీకు మాటకు అర్థం "అడుగున ఉన్నది". మనం ఏది చెప్పినా దాని మీద పెట్టి చెప్తం కాబట్టి అది అడుగు.

తర్వాత రోమన్ పండితులు దాన్ని లాటిన్‌లోకి మార్చినప్పుడు "సుబ్జెక్టుమ్" అన్నరు. అంటే కింద వేయబడినది. రెండో ముక్క "ప్రెడికాటుమ్" అంటే చాటి చెప్పినది. ఈ లాటిన్ మాటలే ఇంగ్లీష్‌లోకి వచ్చినయి.

ఇంగ్లీష్‌లో సబ్జెక్ట్ అంటే ఇంకో అర్థం కూడా ఉందని మీకు తెలుసు. రాజు కింద ఉండే ప్రజ. నిజాం కాలంలో ఇంగ్లీష్‌లో మన తాత ముత్తాతలు నిజాం "సబ్జెక్ట్స్". రెండూ ఒకే మాట, ఒకే వేరు. వ్యాకరణంలో వాక్యానికి అడుగున ఉన్నది సబ్జెక్ట్, రాజ్యంలో రాజుకు కింద ఉన్నోడు సబ్జెక్ట్.

మన దిక్కు లెక్క వేరే

మన దేశంలో వ్యాకరణం వేరే దారిలో నడిచింది. పాణిని రెండు వేల ఏండ్లకు పైగా ముందే సంస్కృతానికి సూత్రాలు రాశాడు. ఆయన వాక్యాన్ని రెండు ముక్కలు చేయలేదు. క్రియను నడుమ పెట్టి, ఆ పనికి ఎవరెవరికి ఏం సంబంధం ఉంది అని చూశాడు. పని చేసేది కర్త, పని పడేది కర్మ, పనికి సాధనం కరణం, ఇట్ల ఆరు కారకాలు చెప్పాడు. అందులో కర్తకు ఆయన ఇచ్చిన గుర్తు ఏందంటే, స్వతంత్రంగా ఉన్నవాడు.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. సబ్జెక్ట్ అంటే కింద వేయబడినది. కర్త అంటే స్వతంత్రుడు. ఈ రెండు మాటలు ఒకటే అని బడిలో ఎక్కించిన్రు. గైడ్లలో "సబ్జెక్ట్ అనగా కర్త" అని ఒక్క ముక్కలో ఉంటది. తిరకాసు అంతా ఆ ఒక్క ముక్కలోనే ఉంది.

సబ్జెక్ట్, ప్రెడికేట్‌కు సరిగ్గా సరిపోయే మాటలు మన దగ్గర లేకపోలేదు. ఉద్దేశ్యం, విధేయం అని ఉన్నయి. పాత వ్యాకరణ పుస్తకాలల్ల ఇవే వాడేటోళ్లు. కానీ ఉద్దేశ్యం అంటే ఇప్పుడు పిల్లలకు "నీ ఉద్దేశ్యం ఏంది" అనేదే తెలుసు. విధేయం అంటే లీవ్ లెటర్ కింద రాసే "ఇట్లు తమ విధేయుడు" తెలుసు. అందుకే ఆ మాటలు మూలకు పడ్డయి, సులువుగా ఉందని కర్తను తెచ్చి పెట్టిన్రు.

ఇది పరీక్ష ప్రశ్న ఎట్లయింది?

ఇంగ్లండ్‌లో కూడా మొదట్ల పిల్లలకు వాక్యాన్ని రెండు ముక్కలు చేయమని అడిగేటోళ్లు కాదు. 1795లో లిండ్లీ మర్రే రాసిన ఇంగ్లీష్ గ్రామర్ చాలా ఏండ్లు బడులను ఏలింది. అందులో ఎక్కువగా ఒక్కో మాట తీసి ఇది నామవాచకమా, క్రియా అని చెప్పించేటోళ్లు. 1852లో జాన్ డానియల్ మోరెల్ అనే స్కూల్ ఇన్‌స్పెక్టర్ వాక్య విశ్లేషణ మీద పుస్తకం వేసిండు. వాక్యం తీసుకో, సబ్జెక్ట్ విడగొట్టు, ప్రెడికేట్ విడగొట్టు అనే పద్ధతి బడుల్లో బాగా పాకింది. ఇన్‌స్పెక్టర్‌కు, పేపర్ దిద్దేటోనికి ఇది సులువు, జవాబు ఒప్పా తప్పా వెంటనే తెలిసిపోతది. 1877లో అమెరికాలో రీడ్, కెల్లాగ్ అనే ఇద్దరు ఇంకో అడుగు ముందుకేసిన్రు. అడ్డంగా గీత గీసి, నడుమ నిలువు గీత కొట్టి, ఎడమ దిక్కు సబ్జెక్ట్, కుడి దిక్కు ప్రెడికేట్ రాసే బొమ్మ తయారుచేసిన్రు.

మన దేశంలోకి ఈ పద్ధతి నెస్‌ఫీల్డ్ గ్రామర్‌తో, తర్వాత 1930లలో వచ్చిన రెన్ అండ్ మార్టిన్‌తో స్థిరపడ్డది. ఇప్పటికీ గ్రూప్స్ కోచింగ్ అన్నల చేతుల్ల ఉండే ఎర్ర అట్ట పుస్తకం అదే. ఆ రెన్ బ్రిటిష్ ఇండియాలో విద్యాశాఖలో పనిచేసినోడు, నవలలు కూడా రాసిండు. వాళ్ల పుస్తకం ఇంగ్లీష్ సగం వినబడే ఇంట్ల పుట్టిన పిల్లల కోసం రాసింది. కెరమెరి, సిర్పూర్ (యు) పిల్లల కోసం రాసింది కాదు.

కరీంనగర్, ఆదిలాబాద్‌లకు వచ్చిన దారి

మన జిల్లాలు బ్రిటిష్ ఇండియాలో లేవు, హైదరాబాద్ రాజ్యంలో ఉండె. కాబట్టి ఇక్కడ బడి భాష ఇంగ్లీష్ కాదు, తెలుగూ కాదు, ఉర్దూ. 1918లో స్థాపించిన ఉస్మానియా యూనివర్సిటీలో పెద్ద చదువు కూడా ఉర్దూలోనే. అప్పటి కరీంనగర్ జిల్లా హనుమాజీపేటలో పుట్టిన సి. నారాయణ రెడ్డి గారు అంతటి తెలుగు కవి, ఆయన బడి చదువు ఉర్దూ మీడియంలోనే సాగింది.

ఉర్దూ వ్యాకరణం అరబ్బీ నుంచి మాటలు తీసుకుంది. పని చేసేవాడు ఫాయిల్, పని ఫేల్. అది కాక ఇంకో జంట ఉంది: ముబ్తదా, ఖబర్. ముబ్తదా అంటే దేనితో మొదలుపెట్టినమో అది. ఖబర్ అంటే దాని గురించి వచ్చిన ముచ్చట. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఖబర్ అనే మాట మనకు తెలియంది కాదు. "ఊరి నుంచి ఖబర్ వచ్చింది" అని మన ముసలోళ్లు ఇప్పటికీ అంటరు. ప్రెడికేట్ అంటే ఖబర్! ఇంత సులువైన మాట మన జిల్లాలల్ల ఒకప్పటి బడుల్లో ఉండె. ఉర్దూ పోయినప్పుడు అదీ పోయింది.

ఆదిలాబాద్ కొండల్లో కథ ఇంకో తీరు. అక్కడ సంతల్లో మరాఠీ, ఆఫీసుల్లో ఉర్దూ, మైదానంలో తెలుగు, ఇండ్లల్ల గోండి, కోలామి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్ పోలీసు కాల్పుల్లో అమరుడైన తర్వాత నిజాం సర్కారు గోండుల పరిస్థితి తెలుసుకోవాలనుకుంది. వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ మార్లవాయిలో ఉండి పనిచేసిన్రు. 1943లో మార్లవాయిలో గోండు యువకులను టీచర్లుగా తయారుచేసే కేంద్రం మొదలైంది. మొదటి వాచకాలు గోండి భాషలో, దేవనాగరి లిపిలో వేసిన్రు. మన పిల్లవాడు బడిల కూర్చుని తన ఇంటి భాషలో వాక్యం చదివిన రోజులు అవి. పలకకు, పొయ్యికాడి మాటకు నడుమ దూరం లేని రోజులు.

1956లో భాషా రాష్ట్రాలు వచ్చినయి. ఆదిలాబాద్ ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. బడి భాష క్రమంగా తెలుగు అయింది. అదే 1956లో ఏడో సవరణతో రాజ్యాంగంలోకి 350ఏ అధికరణ వచ్చింది: భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయడానికి రాష్ట్రాలు ప్రయత్నించాలని. కాగితం మీద ఆ మాట వచ్చిన ఏడాదే, మన కొండల మీద గోండి వాచకం వెనకబడే రోజులు మొదలైనయి. 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీష్ మీడియం తెచ్చిన్రు. అంటే మన దగ్గర తాత ఉర్దూ బోర్డు చూసిండు, నాయన తెలుగు చదివిండు, తమ్ముడు ఇంగ్లీష్ చదువుతుండు. మూడు తరాలకు మూడు బడి భాషలు, ఇంటి భాష మాత్రం ఒక్కటే. ఆ ఒక్కటే బడిల లేదు.

తిరకాసు సరిగ్గా ఎక్కడ ఉంది?

1856లో కాల్డ్వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం రాసినప్పుడు తమిళం, తెలుగుతో పాటు గోండిని కూడా అదే కుటుంబంలో చూపించాడు. 1950లో సేతుమాధవరావు కోలామికి వ్యాకరణం రాశారు, 1955లో అమెరికా పండితుడు ఎమెనో కోలామి మీద పెద్ద పుస్తకం వేశారు. అంటే మన భాషలకు వ్యాకరణం లేదు అనేది ఉత్త మాట. మన భాషల వ్యాకరణం ఇంగ్లీష్ వ్యాకరణం కంటే వేరు, అంతే. ఆ తేడాలు నాలుగు చెప్పుకుందాం.

ఒకటి. మన క్రియలోనే మనిషి ఉంటడు. తెలుగులో "వచ్చిన" అన్నా, "వచ్చాను" అన్నా నేను అని వేరే చెప్పక్కరలేదు. గోండిలో నన్నా అంటే నేను, అది పలకకపోయినా క్రియ చివర చూస్తే ఎవరో తెలుస్తది. ఇంగ్లీష్‌లో "కేమ్" అంటే ఎవరు వచ్చిన్రో దేవునికే తెలియాలి. పాత ఇంగ్లీష్‌లో క్రియకు తోకలు ఉండె, వందల ఏండ్లలో అవి అరిగిపోయినయి. అందుకే అక్కడ సబ్జెక్ట్ తప్పకుండా బయటికి చెప్పాలి. ఆఖరికి వాన పడినా "ఇట్ ఈజ్ రైనింగ్" అని ఉత్త "ఇట్" ఒకటి పెట్టాలి.

రెండు. మనకు "ఈజ్" అవసరం లేదు. "మా ఊరు మార్లవాయి" అంటే వాక్యం పూర్తయింది. ఇంగ్లీష్‌లో "మై విలేజ్ ఈజ్ మార్లవాయి" అనాలి. లంబాడి తమ్ముళ్లకు గోర్ బోలిలో "ఛ" ఉంటది కాబట్టి వాళ్లకు ఇది తొందరగా అందుతది.

మూడు. మనం "నాకు" అన్న చోట ఇంగ్లీషోడు "ఐ" అంటడు. "నాకు గోండి వచ్చు" అంటే తెలుగులో గోండి నా దగ్గరికి వస్తది. ఇంగ్లీష్‌లో "ఐ నో గోండి", ఇక్కడ నేను సబ్జెక్ట్. నాకు ఆకలైంది, నాకు జ్వరం వచ్చింది, నాకు ఇద్దరు చెల్లెళ్లు, అన్నీ ఇదే తీరు. తెలుగు వాక్యంలో కర్త కోసం వెతికితే జ్వరం దొరుకుతది, ఇంగ్లీష్ వాక్యంలో జ్వరం ప్రెడికేట్‌ల ఉంటది.

నాలుగు. ఆడ, మగ లెక్క. తెలుగులో "ఆమె వచ్చింది, ఆవు వచ్చింది" ఒకే తీరు, పదిమంది ఆడోళ్లైతే "వచ్చారు" అని మగవాళ్లతో కలుస్తరు. గోండి, కోలామిలో చాలామంది ఆడవాళ్లైనా మగవాళ్ల లెక్కలో కలవరు. ఇంగ్లీష్ క్రియకు ఆడ మగ అనేదే లేదు, ఒక్కరైతే "గోస్", ఎక్కువైతే "గో". అంటే గోండు పిల్లవాడు తెలుగుకు ఒకసారి, ఇంగ్లీష్‌కు ఇంకోసారి ఈ లెక్క మార్చుకోవాలి. ఒక్కసారే మార్చుకునేటోళ్లతో పోల్చి వీనికి తెలివి లేదనడం న్యాయం కాదు.

మా హాస్టల్‌ల చెప్పే పద్ధతి

రాత్రి స్టడీ అవర్‌ల జూనియర్లకు మేము కర్త అనే మాట వాడుతలేము. రెండే ప్రశ్నలు అడుగుతం. ఎవరి ముచ్చట? ఏం ఖబర్?

"మై యంగర్ బ్రదర్ స్టడీస్ ఇన్ ఉట్నూర్." ఎవరి ముచ్చట? మై యంగర్ బ్రదర్. ఏం ఖబర్? స్టడీస్ ఇన్ ఉట్నూర్. అయిపోయింది.

సబ్జెక్ట్ పొడుగున్నప్పుడు పిల్లలు మొదటి మాటనే పట్టుకుంటరు. "ది ఓల్డ్ ఉమన్ ఫ్రమ్ జైనూర్ సెల్స్ మహువా ఫ్లవర్స్." ఇక్కడ ముసలవ్వ ఒక్కతే కాదు, ఫ్రమ్ జైనూర్ కూడా సబ్జెక్ట్‌ల భాగమే. పరీక్ష ఏందంటే, ఆ ముక్క మొత్తం తీసేసి హి, షి, ఇట్, దే లలో ఒకటి పెట్టాలి. "షి సెల్స్ మహువా ఫ్లవర్స్." వాక్యం నిలబడ్డది. షి ఎంత జాగ తీసుకున్నదో అంత సబ్జెక్ట్, మిగిలింది ప్రెడికేట్.

ప్రశ్న వస్తే ముందు జవాబుగా తిప్పుకోవాలి. "ఈజ్ యువర్ ఫాదర్ ఎట్ హోమ్?" అంటే "యువర్ ఫాదర్ ఈజ్ ఎట్ హోమ్". ఇప్పుడు విడగొట్టాలి. "కమ్ హియర్" లాంటి ఆజ్ఞ అయితే ఎదుట ఉన్న నువ్వే సబ్జెక్ట్, బయటికి కనబడని యూ. "దేర్ ఈజ్ ఏ వాటర్‌ఫాల్ ఎట్ కుంటాల" అంటే దేర్ చూసి మోసపోవద్దు, ముచ్చట జలపాతంది. "ఇన్ ది ఫారెస్ట్ లివ్స్ ఏ టైగర్" అంటే అడవి ముందున్నా ముచ్చట పులిది.

కవాల్ అడవి, కుంటాల జలపాతం, ఇప్పపువ్వు ఉన్న వాక్యాలతో చెప్తే పిల్లలు నవ్వుకుంట చేస్తరు. లండన్, డాఫొడిల్ పూలు ఉన్న వాక్యాలైతే ముందు ఆ పువ్వు ఏందో చెప్పాలి, గ్రామర్ తర్వాత.

రెండు మార్కుల కంటే పెద్ద సంగతి

ఇంత ఎందుకు రాస్తున్నమంటే, ఇది రెండు మార్కుల సంగతి మాత్రమే కాదు. ఈ మూడు వాక్యాలు చూడండి.

"ది పోలీస్ షాట్ భీమ్." సబ్జెక్ట్ పోలీస్.

"భీమ్ వాజ్ షాట్ బై ది పోలీస్." ఇప్పుడు సబ్జెక్ట్ భీమ్. పోలీసు వాక్యం తోకకు పోయిండు.

"భీమ్ వాజ్ షాట్." సబ్జెక్ట్ భీమే. పోలీసు మొత్తానికే మాయం. కానీ ఇంగ్లీష్ వ్యాకరణం ప్రకారం వాక్యం పూర్తిగా ఒప్పు, పూర్తి మార్కులు పడతయి.

సబ్జెక్ట్ అంటే కర్త అని నేర్చుకున్న పిల్లవాడు రెండో వాక్యం దగ్గర గందరగోళపడతడు. తెలుగులో "పోలీసుల చేత భీమ్ కాల్చబడ్డాడు" అని తిప్పి రాసినా కర్త పోలీసులే. పాణిని లెక్కలో పని చేసినోడు వాక్యంలో ఎక్కడ దాక్కున్నా కర్తే. ఇంగ్లీష్ సబ్జెక్ట్‌కు ఆ పట్టింపు లేదు, ఎవరి ముచ్చట నడుస్తుందో వాళ్లే సబ్జెక్ట్. అందుకే రెండు ప్రశ్నలు వేరువేరుగా అడగాలి. ఎవరి ముచ్చట? ఎవరు చేసిన్రు? మొదటిదానికి మార్కులు వస్తయి. రెండోది మన చరిత్రకు కావాలి.

మన గురించి రాసిన కాగితాలు ఇట్ల చదవడం నేర్చుకుంటే చాలా కనబడతది. అడవి రిజర్వ్ చేయబడింది. గూడెం ఖాళీ చేయించబడింది. భూమి అన్యాక్రాంతమైంది. ప్రతి వాక్యంలో సబ్జెక్ట్ ఉంది, కర్త లేడు. మన ముసలోళ్లు ఇట్ల మాట్లాడరు. "జంగ్లాతోళ్లు వచ్చి ఎల్లగొట్టిన్రు" అంటరు. వాళ్ల వాక్యంలో చేసినోడు ముందే నిలబడతడు. రేపు మనలో ఎవరన్నా వకీలు అయితరు, ఎవరన్నా గ్రూప్స్ కొట్టి ఆఫీసర్ అయితరు. పట్టా కేసు కాగితం ముందు పెట్టుకున్నప్పుడు, ఈ వాక్యంలో కర్త ఎక్కడ పోయిండు అని అడగగలిగినోడే ఆ కాగితాన్ని నిజంగా చదివినట్టు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో గోండి మాట్లాడేటోళ్లు సుమారు 30 లక్షలు, కోలామి వాళ్లు సుమారు 1.28 లక్షలు. సంతాలి, బోడో భాషలు 2003 సవరణతో ఎనిమిదో షెడ్యూల్‌ల చేరినయి, గోండి ఇంకా చేరలేదు. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన గోండి రాతప్రతుల లిపి మాత్రం 2018లో యూనికోడ్‌లకు ఎక్కింది. అంటే ఫోన్లల్ల, కంప్యూటర్లల్ల మన అక్షరాలకు కూడా జాగ దొరికింది. ఇక రాయాల్సింది మనమే.

సీనియర్ అన్నలకు, అక్కలకు ఒక్క విన్నపం. దసరా సెలవులకు ఊరికి పోయినప్పుడు గూడెంల ఇంటర్ చదివే పిల్లలను పది మందిని కూర్చోబెట్టండి. ఇరవై ఇంగ్లీష్ వాక్యాలు తీసుకుని వాటి పక్కన గోండిలో, కోలామిలో, గోర్ బోలిలో అదే ముచ్చట చెప్పించండి. ఎవరి ముచ్చట, ఏం ఖబర్, ఎవరు చేసిన్రు అని అడగండి. ఆ వాక్యాలు నోట్‌బుక్‌ల రాసి తెస్తే, అందరివి కలిపి మా హాస్టల్‌ల ఒక చిన్న పుస్తకం లెక్క తయారుచేస్తం, వచ్చే ఏడు జూనియర్లకు ఇస్తం. మార్లవాయిలో 1943లో మొదలైన పని ఆగిపోయిన చోటు నుంచి మన తరం ఇంకో పది పేజీలు రాసినా చాలు.

జై సేవా. జై సేవాలాల్.